కదలని ముల్లు

ఆ రోజు ఇంట్లో ఉన్నది అమ్మ, నాన్న, నాయనమ్మ, పొద్దున మొదటి బస్సుకు దిగిన మేనమామ, అరమాట. కారును కూడా కలుపుకోమంటుంది నాయనమ్మ, ఈ కొంపలో ముసలివాళ్లం ఇద్దరం, లోపల నేను, వాకిట్లో అది, పొద్దున లేవగానే ఇద్దరికీ దగ్గే అని. పిల్లను అరమాట అని మొదట పిలిచింది కూడా నాయనమ్మే. నోరు తెరిచి సగం చెప్పి ఆగుతుంది, మిగతా సగానికి లోపల వెతుక్కుంటుంది, అది దొరికేలోపు ఎదుటివాళ్లు ఎవరో ఒకరు పూర్తి చేసేస్తారు, తను అనబోయింది అది కాకపోయినా పిల్ల తల ఊపేస్తుంది. ఇంట్లో అదొక అలవాటయిపోయింది. ఆకలి అని మొదలుపెడితే కంచం వస్తుంది, తల అని మొదలుపెడితే దువ్వెన వస్తుంది, తలనొప్పి అని చెప్పబోయిన రోజు కూడా దువ్వెనే వచ్చింది, దువ్వించుకుంటూ కూర్చుంది. ఇంతకాలం దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

ఇప్పుడు ఆమెకు అప్పజెప్పిన పనికి మాటలు ఎక్కువ అక్కర్లేదు. డ్రైవరు సీట్లో కూర్చుని వేడి చూపించే మీటరు ముల్లు వైపు చూస్తూ ఉండాలి, కదిలితే చెప్పాలి, అంతే. ఇంజన్ నడుస్తోంది. నాన్న బానెట్ కింద నడుము దాకా మునిగి ఉన్నాడు, ముందు అద్దంలోంచి చూస్తే ఎత్తిన రేకు తప్ప ఏమీ కనిపించదు, రేకు కింది సందులో ఆయన మోచెయ్యి ఒకటి వస్తూ పోతూ ఉంటుంది, ఆ మోచేతికి అంటిన మసి చూసి ఆయన ఎక్కడిదాకా వచ్చాడో ఊహించుకోవాలి. డ్రైవరు వైపు అద్దం కిందికి దిగదు, దాన్ని తిప్పే పిడి విరిగి ఏళ్లయింది, అందుకని తలుపు జానెడు తెరిచి పెట్టుకుంది, తనదసలే పిచ్చుక గొంతు, తలుపు మూస్తే ఆ కాస్తా బయటికి పోదు. ఆ సందులోంచి ఇంటి లోపలికి చూపు పోతుంది. ముందుగదిలో మంచం మీద అమ్మ, వీపు వెనక ఇంట్లో ఉన్న దిండ్లన్నీ పేర్చి కూర్చోబెట్టారు, పడుకుంటే ఊపిరి అందదు, కాళ్ల దగ్గర నాయనమ్మ, నీరు పట్టిన కాలి మీద వేలితో నొక్కి తీస్తే గుంట అలాగే ఉండిపోతుంది, నాయనమ్మ ఆ గుంటను చీరకొంగుతో కప్పి, కాసేపయ్యాక తీసి చూసి, మళ్లీ కప్పుతుంది, అది పూడుకున్నదాకా ఎవరి కంటా పడకూడదన్నట్టు.

"ఏమంటోంది తల్లీ?" బానెట్ కిందినుంచి నాన్న.

"ఏం అనట్లేదు."

"అనకూడదనే కదా ఇంత యాతన."

ముల్లు అడుగు గీత మీద ఉంది. మీటరు గాజు మీద ఒక మూల చిన్న పగులు, ఆ పగులు పక్కన ఎవరో ఎప్పుడో గోటితో గీకిన గుర్తు, ఏ బండిలోదో, ఆ బండిలో ఎవరు కూర్చుని ఏ ఎత్తు ఎక్కుతూ గీకారో. రెండు మీటర్లు పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి ఆయిలుది, ఒకటి వేడిది, రెండూ పాత సామాన్ల కొట్లో దొరికినవే, వాటిని బిగించడానికి కారులో చోటు లేదు, వాటిని పట్టి ఉంచే పెట్టెలు కొత్తవి కొనే స్థితి లేదు, అందుకని నాన్న తన సంచిలోంచి నీళ్ల పైపుల ఎల్బోలు, పైపు మలుపు తిరిగేచోట పెట్టే వంపు ముక్కలు, రెండు తీశాడు. నాన్న పని అదే, ఇళ్లకు నీళ్ల పైపులు వెయ్యడం. ఎల్బో మూతిని పొయ్యి సెగ మీద కాచి మెత్తబరిచి మీటరును అందులోకి నొక్కితే, చల్లారాక అది చిగురు పన్నును పట్టుకున్నట్టు పట్టుకుంది. ఆ రెండు ఎల్బోలూ ఇప్పుడు స్టీరింగు వెనకనుంచి తలెత్తి రెండు బాతుల్లా చూస్తున్నాయి. మేనమామ చూసి, బావా, బండిలో కుళాయి కూడా పెట్టావా, స్నానం ఎప్పుడు చేద్దాం అన్నాడు. నాన్న నవ్వలేదు. మామూలు రోజుల్లో అయితే నవ్వేవాడు, దానికి మరో రెండు కలిపేవాడు. ఎత్తు దారి మీద బండి ఆగిన రోజునుంచి నాన్న నవ్వు కూడా అక్కడే ఎక్కడో ఆగిపోయింది.

ఆ రోజు తనూ ఉంది కారులో. వెనక సీట్లో, అమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని. అమ్మకు డయాలసిస్ పట్నంలో చెయ్యాలి, పట్నానికి ఆ ఎత్తు ఎక్కి దిగాలి, వేరే దారి లేదు, బస్సులో నిలబడే ఓపిక అమ్మకు పోయింది. కారు అప్పటికే ఎక్కడో నీళ్లు తాగుతోంది, రోజూ పొద్దున నాన్న చెంబుతో పోసేవాడు, నాయనమ్మ కాఫీ అడిగినట్టు ఇది నీళ్లడుగుతుంది, అంతేలే అనుకునేవాళ్లు. ఎర్ర దీపం ఒకటి ఉంది, వేడి ఎక్కితే వెలగాలి, అది వెలిగేది కాదు, ఎప్పుడో మాడిపోయిందని తర్వాత తెలిసింది. ఎత్తు మీద సగం దూరం వెళ్లాక తియ్యటి వాసన ఒకటి వచ్చింది, కాగిన పాకం లాంటిది, అమ్మ ముక్కు ఎగబీల్చి ఎవరో ఏదో వండుతున్నారు అంది, కొండ మీద ఎవరు వండుతారు అని తను అనబోయి, కొండ మీద అన్నదాకా వచ్చి ఆగింది, కొండ మీద గాలి బాగుంటుంది అని నాన్న పూర్తి చేశాడు. తర్వాత పెద్ద చప్పుడు, తెల్లటి ఆవిరి, అద్దం నిండా ఆవిరి, నాన్న బండి పక్కకు లాగి బానెట్ ఎత్తి చెయ్యి కాల్చుకున్నాడు. అమ్మను దింపి దారి పక్క రాయి మీద కూర్చోబెట్టారు. అమ్మ తల వెనక్కి వాల్చి నోటితో గాలి పీల్చుకుంటోంది, ప్రతి ఊపిరికీ లోపల నీళ్లు కదిలినట్టు చప్పుడు, కుండలో అడుగున మిగిలిన నీళ్లు. పోయే బండ్లు పోతున్నాయి. నాన్న రోడ్డు మధ్యలో నిలబడి చేతులు చాచాడు. ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి, పని చేసిన ఇళ్లలో మంచినీళ్లు కూడా అడగడు, ఆ రోజు లారీవాళ్లకు దణ్ణం పెట్టాడు. చివరికి ఇసుక లారీ ఒకటి ఆగింది, అమ్మను పైకెక్కించేటప్పుడు ఆమె ఒక చెప్పు జారి లోయలోకి పోయింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇంకొంచెం ఆలస్యమైతే అని మొదలుపెట్టి ఆగింది, ఆ ఒక్కసారి మాత్రం ఎవరూ ఆ మాట పూర్తి చెయ్యలేదు.

ముల్లు కదల్లేదు. పక్క మీటరులో ఆయిలు ముల్లు మాత్రం సన్నగా వణుకుతోంది, నాన్న లోపల ఏదో నొక్కితే ఇంజన్ గొంతు పెరుగుతుంది, దానితోపాటు ఆ ముల్లు లేస్తుంది, వదిలితే దిగుతుంది, బతికున్న దానిలా. వేడిది అలా కాదు. తను చూపు తిప్పినప్పుడు కదిలి, చూసేసరికి మళ్లీ వచ్చి కూర్చుంటోందేమో అనిపించి రెప్ప వెయ్యకుండా చూసింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, ముల్లు రెండయింది, రెండూ కదల్లేదు.

ఆగిపోయిన బండిని తర్వాత మెకానిక్కు చూసి పెదవి విరిచాడు. ఇంజన్ విప్పాలి, విప్పితే లోపల ఏం బయటపడుతుందో చెప్పలేను, పడేవన్నీ మార్చాలి, అదంతా మీవల్ల కాదు, అన్నాడు, చెడ్డగా అనలేదు, ఉన్నది అన్నాడు. గొట్టం ఒకటి మార్చి, ఇక ఒక్కటే దారి, వేడి చూపించే మీటరు పెట్టుకో, ఎత్తు ఎక్కేటప్పుడు దాని మీదే కన్ను పెట్టు, ముల్లు సగం దాటిందా, బండి పక్కకు తీసి ఆపు, చల్లారనివ్వు, మళ్లీ పో, అలా ఆగుతూ ఆగుతూ ఎక్కితే నిన్ను చేరుస్తుంది, చూసుకోకుండా తొక్కితే ఈసారి గొట్టం పగలదు, ఇంజనే బిగుసుకుపోతుంది, ఉన్నచోటే, అన్నాడు. నాన్న ఆ మాటలు ఇంటికొచ్చి అమ్మకు చెప్పాడు, చెప్పకుండా ఉండాల్సింది. అమ్మ అన్నీ విని, అయితే ఆ ముల్లు నాకు కనిపించాలి, నా కళ్లకు ఎదురుగా ఉండాలి, అప్పుడే ఎక్కుతాను, లేకపోతే ఈ మంచం మీదే పోతాను గానీ మళ్లీ ఆ రాయి మీద కూర్చోను, అంది. మెల్లగానే అంది. అమ్మ ఎప్పుడూ మెల్లగానే అంటుంది, అన్నదానిమీదనే ఉంటుంది. అలా ఒక డయాలసిస్ తప్పిపోయింది. ఇవాళ్టిది తప్పితే తర్వాతిది ఉండకపోవచ్చని ఇంట్లో అందరికీ తెలుసు, నాయనమ్మ చీరకొంగు కింది గుంటకు కూడా తెలుసు.

"ఇంకా అక్కడే ఉందా?"

"అక్కడే."

"శభాష్."

శభాష్ ఎవరికో. ముల్లుకో, ఇంజన్‌కో, ఆయన తన చేతి పనికో. మీటర్లు కొన్న రోజు పాత సామాన్ల కొట్టుకు తననూ తీసుకెళ్లాడు నాన్న, మీటరు మీది సన్న అక్షరాలు ఆయన కళ్లకు ఆనవు. ఆ కొట్టు లోపల చీకటి, మెట్ల దాకా బండ్ల పేగులు, తీగలు, దీపాల గుడ్లు, ఒక గోడనిండా స్టీరింగులు వేలాడుతున్నాయి, చచ్చిపోయిన బండ్లన్నీ తమ తమ స్టీరింగులు అక్కడ వదిలేసి ఎటో వెళ్లినట్టు. కొట్టాయన పొట్టివాడు, ఒక చెవికి మిషను పెట్టుకున్నాడు. మీటరు, దానితో వచ్చే ఇత్తడి బుడిపె, సెన్సరంటారు, ఇంజన్‌లోకి బిగిస్తే అదే వేడి పట్టి పంపుతుంది, రెండూ కాగితంలో చుడుతూ ఏదో చెబుతున్నాడు. సరిగ్గా అప్పుడే నాన్న ఫోన్ మోగింది, ఆసుపత్రినుంచి, నాన్న ఒక చెవి మూసుకుని వీధిలోకి పోయాడు. కొట్టాయన ఆగలేదు, ఎదురుగా ఎవరుంటే వాళ్లకు చెప్పేశాడు. దీనికి ఒక్క తీగేనమ్మా, రెండో తీగ ఎక్కడా అని వెతకొద్దు, రెండో తీగ ఇంజన్ ఒళ్లే, ఇత్తడి ఇనుముకు ఆనుకుని ఉండాలి, మధ్యలో ఇంకేం ఉండకూడదు, అన్నాడు. తను తల ఊపింది. నాన్న తిరిగొచ్చాడు, ఏమంటాడు అన్నాడు, తను ఒక్క తీగే అని... అంది, ఒక్క తీగే చాలంటాడా, మంచిదే, తీగ ఖర్చు తగ్గింది అని నాన్న కాగితం పొట్లం జేబులో పెట్టుకున్నాడు.

ఒక్క తీగే. ఇప్పుడా మాట ఎందుకు గుర్తొచ్చిందో. దాని వెనకే వంటింటి సంగతీ గుర్తొచ్చింది. బిగించే ముందు పరీక్ష చెయ్యాలని నాన్న గిన్నెలో నీళ్లు పొయ్యి మీద పెట్టి, సెన్సరును తీగతో కట్టి అందులోకి దించి, పాత బ్యాటరీ ఒకటి గట్టు మీద పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మను కూడా గుమ్మం దాకా నడిపించుకొచ్చి కుర్చీ వేశారు. నీళ్లు వెచ్చబడుతున్న కొద్దీ ముల్లు లేచింది, మెల్లగా, నిద్రలోంచి లేచే పిల్లలా, నీళ్లు తెర్లేసరికి సగం గీత దాటి నిలబడింది. అమ్మ చప్పట్లు కొట్టబోయి చేతులు ఎత్తి, అలసట వచ్చి ఒళ్లో పెట్టుకుంది. వంట ఉడికిందో లేదో కూడా ఇది చెబుతుందేమో అత్తయ్యా, మీ మూత ఎత్తే పని తప్పింది అంది. నాయనమ్మ, నా వంట ముల్లు చూసి ఉడకదమ్మా నన్ను చూసి ఉడుకుతుంది అంది. ఇల్లంతా నవ్వింది, చాలా రోజులకు. అప్పుడు సెన్సరు ఒంటి చుట్టూ నల్ల తీగ ఒకటి ఉంది, పైతోలు వలిచి, రాగి కనబడేలా చుట్టి, దాని రెండో కొన బ్యాటరీకి. ఆ నల్ల తీగ ఇప్పుడు లేదు. ఇంజన్‌లో దాని అవసరం లేదు, ఇంజన్ ఒళ్లే తీగ.

గుమ్మంలో మేనమామ లేచి నిలబడ్డాడు. చేతిలో ఫోను. మేనమామ బస్టాండులో టికెట్ కిటికీ దగ్గర పని చేస్తాడు, అడిగేవాడు ఊరిపేరు సగం అనేసరికి టికెట్టు కొట్టి చేతిలో పెట్టడం ఆయనకు అలవాటు, అందుకే మేనకోడలితో మాట్లాడటం తనకెంతో తేలికంటాడు. పొద్దున దిగుతూనే వ్యాను మాట్లాడి పెట్టాను బావా, తెలిసినవాడే, రమ్మంటే వాకిట్లో ఉంటాడు, అన్నాడు. నా ఇంట్లో బండి ఉండగా అన్నాడు నాన్న. బండి కాదు బావా అది, నీ పంతం, దానికి నాలుగు చక్రాలున్నాయి అన్నాడు మేనమామ. నాన్న పానా చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డాడు, చివరికి, వేడెక్కనిచ్చి చూద్దాం, ముల్లు మంచిగా చెబితే దీన్లోనే పోదాం, లేకపోతే నీ వ్యానే, అన్నాడు. ఆ ఒప్పందం మీదే ఇంజన్ ఇంతసేపు నడుస్తోంది. తను చెప్పబోయే మాట మీద.

"వాడు అవతల ఇంకో బాడుగ ఉందంటున్నాడు బావా. అవునా కాదా ఏదో ఒకటి చెప్పాలట."

"అడుగు దాన్నే. కూర్చుంది కదా మీటరు ముందు."

మేనమామ తలుపు సందులోకి తల పెట్టాడు. "ఏమ్మా అరమాటా, తీర్పు చెప్పు."

"ముల్లు కదల్లేదు మామయ్యా, కానీ..."

"కానీ ఏముంది, కదలకపోతే చాలు. మీ నాన్న గెలిచాడు." అప్పటికే ఫోను చెవి దగ్గరుంది. ఆ, వద్దులే అన్నా, మా బావ బండి బాగైందట, నువ్వెళ్లిపో. ఫోను జేబులో పెట్టుకుంటూ మేనకోడలి తల మీద ఒకటి మొట్టి, లోపలికి వెళ్లాడు. గెలిచినవాడి కన్నా ఓడినవాడి ముఖంలోనే ఎక్కువ నెమ్మది ఉంది, ఆయనకూ బండి బాగుండాలనే.

కానీ తర్వాత ఏముందో తనకే తెలియదు. కానీ అన్నప్పుడు లోపల ఏదో తట్టింది, ఇంకా రూపం రాలేదు, రూపం వచ్చేలోపు వ్యాను వెళ్లిపోయింది. కాళ్ల కింద నేల రేకు వేడిగా ఉంది. అది తట్టిందేమో. చెప్పులు విడిచి అరికాలు ఆనించింది. ఇందాక కూర్చున్నప్పుడు చల్లగా ఉండేది, ఇప్పుడు మధ్యాహ్నం మేడ మీది గచ్చులా ఉంది. చలికాలం వెచ్చటి గాలి రావడానికి ఒక మీట ఉంటుంది, అమ్మకు చలేసినప్పుడు నాన్న దాన్ని తిప్పుతాడు, ఆ గాలి ఇంజన్ నీళ్ల వేడినుంచే వస్తుందని నాన్నే చెప్పాడు ఒకసారి. మీట తిప్పింది. దుమ్ము వాసనతో గాలి వచ్చింది, మణికట్టుకు తగిలింది, చెయ్యి వెనక్కి లాక్కుంది. అంత వేడి. పొయ్యి మీది గిన్నె మూత ఎత్తితే ముఖానికి కొట్టే వేడి. ముల్లు అడుగు గీత మీదే ఉంది. ఒక బాతు తల ఊపుతోంది, ఒక బాతు కళ్లు తెరిచి చచ్చిపోయి ఉంది.

బడిలో సైన్సు టీచరు ఒకసారి బల్ల మీద బల్బు, సెల్లు, తీగ పెట్టింది, బల్బు వెలగలేదు, ఎందుకు వెలగలేదో ఎవరు చెబుతారు అంది, ఎవరూ లేవలేదు, తన మోకాళ్లు తనకు తెలియకుండానే లేచాయి, తీగ తిరిగి... అంది, అంతటితో ఆగిపోయింది, తీగ తిరిగిపోయింది అంటావా, తెగలేదే, కూర్చో, అంది టీచరు, అందరూ నవ్వారు. తీగ తిరిగి రావాలి అనబోయింది తను. పోయినది తిరిగి రావాలి, ఒక కొసన పోయి ఇంకో కొసన ఇంటికి చేరాలి, చేరకపోతే వెలగదు. తర్వాత టీచరే తీగ కొనలను బ్లేడుతో గీకింది, పైన కనిపించని పూత ఉంది, పూత ఉంటే తగిలినట్టే ఉంటుంది గానీ తగలదు, అంది. గీకాక బల్బు వెలిగింది. తగిలినట్టే ఉంటుంది గానీ తగలదు. ఇత్తడి ఇనుముకు ఆనుకుని ఉండాలి, మధ్యలో ఇంకేం ఉండకూడదు.

టేపు.

నిన్న సాయంత్రం నాన్న సెన్సరును వేళ్ల మధ్య పట్టుకుని దాని మరచుట్ల మీద తెల్లటి టేపు చుట్టడం తను పక్కన దీపం పట్టుకుని చూసింది. నాన్న చుట్టే తీరు ఊళ్లో అందరికీ తెలుసు. ఏ పైపు బిగించినా ముందు ఆ టేపు చుట్టకుండా బిగించడు, వేలి కొసతో లాగి పట్టి, ఒక చుట్టు మీద ఒక చుట్టు, మిగతావాళ్లు పొదుపు చేసేచోట నాన్న ఇంకో రెండు చుట్లు వేస్తాడు, పసిపిల్ల వేలికి గుడ్డ కట్టినట్టు కడతాడు. ఆయన వేసిన కీలు కారిందని ఇంతవరకు ఒక్క ఇల్లాలూ కబురు పంపలేదు. నిన్న కూడా అలాగే చుట్టాడు. ఎత్తు మీద ఆ గొట్టం పగిలి నీళ్లు చిమ్మినప్పటినుంచీ ఆయనకు కారడమంటేనే భయం, కారుతుందేమో, ఈసారి కూడా కారుతుందేమో, అని ఇంకా చుట్టాడు, ఇత్తడి కనబడనంత తెల్లగా చుట్టి, బిగించి, వేలితో చుట్టూ తడిమి, చుక్క కూడా రాదు తల్లీ, అన్నాడు. తనకు అప్పుడు ఎంత గర్వంగా అనిపించిందో. ఇత్తడికీ ఇనుముకూ మధ్య నాన్న చేతి పని ఉంది. నాన్న అంత బాగా చెయ్యకపోయి ఉంటే, ఇంకొకడెవడైనా బద్ధకంగా ఉత్తినే బిగించి ఉంటే, ముల్లు లేచి ఉండేది.

ఇంజన్ ఎంత వేడెక్కినా ఈ ముల్లు ఇక్కడే ఉంటుంది. ఎత్తు మీద సగం దాటేది చూసి ఆపాలి అన్నాడు మెకానిక్కు. ఇది సగం దాటదు. నాన్న ఆపడు. ముల్లును చూస్తూ, దాన్ని నమ్మి, తొక్కుతూనే ఉంటాడు.

చెప్పాలి. ఏమని మొదలుపెట్టాలి. నాన్నా ఆ ముల్లు, అంటే ముల్లు బాగుంది అంటాడు. నాన్నా ఇంజన్ వేడి, అంటే వేడి లేదు చూశావుగా అంటాడు. చివరి మాట ముందు చెప్పాలి, ఎవరూ పూర్తి చెయ్యడానికి మిగలకుండా, టేపు విప్పెయ్యి నాన్నా. అదీ మాట. టేపు విప్పెయ్యి. నోట్లో రెండుసార్లు తిప్పుకుంది, మాత్రలా. ఇంతలో ధనామని బానెట్ పడింది. ఎదురుగా ఒక్కసారిగా వెలుతురు, వెలుతురులో నాన్న, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, ముఖంనిండా మసి, ఆ మసి మధ్య పళ్లు కనిపించాయి. నవ్వాడు. ఎత్తు మీద ఆగిపోయిన నవ్వు అది.

"దిగు తల్లీ. మీ అమ్మను తీసుకొద్దాం."

దిగింది. టేపు అనడానికి నోరు తెరిచేసరికి నాన్న గుమ్మం దాటి పోయాడు. అమ్మను ఒక పక్క నాన్న, ఒక పక్క మేనమామ పట్టుకుని నడిపించుకొస్తున్నారు, అమ్మ అడుగు తీసి అడుగు వెయ్యడానికి మధ్య ఒక ఊపిరి, లోపల అదే కుండ చప్పుడు. నాయనమ్మ వెనకే దిండ్లు మోసుకొస్తూ, నన్ను ఇలా ఎవరైనా పట్టుకు నడిపిస్తే నేనూ మహారాణినే అంటోంది. కొత్త చెప్పులు అమ్మ కాళ్లకు పట్టలేదు, నాన్న చెప్పులు తొడిగారు. ముందు సీట్లో కూర్చోబెట్టి, దిండు సర్ది, అటు తలుపు మేనమామ వేసి, తను వెనక ఎక్కాడు. పిల్ల, నాయనమ్మ ఇంటి దగ్గరే ఉండాలి, బండి బరువు తగ్గాలని నాన్నే అన్నాడు. అమ్మ తల వెనక్కి ఆనించి, మెల్లగా కళ్లు తెరిచి ఎదురుగా చూసింది. రెండు ఎల్బోల వైపు. అందులో వేడిది ఏదో ఆమెకు తెలుసు, వంటింట్లో చూసింది కదా. చూస్తున్న కొద్దీ ఆమె భుజాలు కిందికి దిగాయి, చీర అంచు పట్టుకున్న పిడికిలి విడింది. ఎత్తు దారి రోజునుంచి ఆ పిడికిలి నిద్రలో కూడా విడవడం అరమాట చూడలేదు.

"చూడవే చిన్నీ," అంది అమ్మ కూతురితో, ఊపిరికీ ఊపిరికీ మధ్య, "ఎంత నిమ్మళంగా ఉందో. పడుకున్న పిల్లలా. ఇక నాకు భయం లేదు."

నాన్న ఇటు వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. అరమాట తలుపు అంచు పట్టుకుంది. లోపలినుంచి ఆ తియ్యటి వాసన వచ్చిందా, లేక తన ముక్కే గుర్తుచేసుకుందా. అమ్మ ముఖం అవతలి పక్క అలా తేరుకుని ఉంది, ఈ మాట ఇప్పుడు అంటే ఆ ముఖం మళ్లీ ఏమవుతుందో, దిగిపోతానంటుంది, మంచం మీదే పోతానంటుంది, వ్యాను వెళ్లిపోయింది, అది కూడా తన అరమాట వల్లనే, అనకపోతే ఎత్తు దారి, రాయి, ఈసారి లారీ ఆగుతుందో లేదో. నాన్నను ఒక్కడినే దించి చెవిలో చెప్పగలిగితే. కానీ నాన్న చెయ్యి అప్పటికే గేరు మీద ఉంది. నోట్లో తిప్పుకున్న ఆ చివరి మాట ముందు రావాల్సింది. మొదటి మాటే ముందు వచ్చింది.

"నాన్నా."

"ఊఁ."

"నిన్న ఆ ఇత్తడి దానికి టేపు చుట్టావు కదా. దానివల్ల..."

ఆగింది. ఒక్క ఊపిరి. ఆ ఊపిరిలో నాన్న తల తిప్పి కూతురి ముఖంలోకి చూశాడు, మసి మధ్య ఆయన కళ్లు తడిగా మెరిశాయి, తన పని చూసి మెచ్చుకున్న మనిషి ఒక్కరైనా ఇంట్లో ఉన్నారన్నట్టు.

"దానివల్ల చుక్క కూడా కారదు," అన్నాడు నాన్న. "నువ్వేం దిగులు పెట్టుకోకు."

కాదు అని తల ఊపాలి. తల అడ్డంగా ఊపడం ఆ మెడకు అలవాటు లేదు, ఒకసారి ఊపబోయి మధ్యలో ఆగింది, ఆగిన ఊపు అవునన్నట్టే ఉంది. టేపు విప్పెయ్యి. పెదవులు కదిలాయి, ఇంజన్ గొంతు పెరిగింది, ఆయిలు ముల్లు లేచి నిలబడింది, పక్క ముల్లు పడుకునే ఉంది, అమ్మ దాన్నే చూస్తోంది.

"వేళ్లు తియ్యి తల్లీ, నలుగుతాయి," అని నాన్న, తలుపు అంచు మీదున్న ఆమె వేళ్లను ఒక్కొక్కటే మెల్లగా విడదీసి, తలుపు వేసేశాడు.